'నీకెవరిచ్చారమ్మా డిగ్రీ?' అని అందరి ముందూ అనేశాను

నాకొచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు. సగం నీలం ఇంకు, సగం ఎర్ర ఇంకు. డ్యూటీలో ఏ పెన్ను దొరికితే దాంతో రాసినట్టుంది. రాసినావిడకు 41 ఏళ్లు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి 17 ఏళ్లుగా ఆస్పత్రుల్లోనే ఉన్నారు. ఇప్పుడు కోస్తాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 28 పడకల మేల్ మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్. పేరూ ఊరూ రాయొద్దన్నారు. రాయను.

వాళ్ల వార్డులో ఏడు వారాల కిందట ఒక బీఎస్సీ నర్సింగ్ అమ్మాయి చేరింది. ప్రకాశం జిల్లాలో పల్లెటూరు, 2020లో కాలేజీలో చేరిన బ్యాచ్, మొదటి ఉద్యోగం. ఒక నైట్ డ్యూటీలో షుగర్ పేషెంటుకి భోజనానికి ముందు 12 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. వార్డులో స్టాకు అయిపోతే అటెండెంట్లు బయటి మందుల షాపులో కొనుక్కొచ్చారు. వార్డులో ఎప్పుడూ వాడేది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్. వాళ్లు తెచ్చింది 100 యూనిట్లది. సిరంజి మాత్రం ట్రేలో ఉన్న ఎర్రమూతదే, 40 కోసం చేసింది. అమ్మాయి 12 గీత దాకా లాగి ఇచ్చేసింది. రాత్రి 2 గంటలకు ఏఎన్‌ఎం చూసేసరికి పేషెంటుకి చెమటలు కారిపోతున్నాయి, మాట తడబడుతోంది. జీఆర్‌బీఎస్ (వేలు గుచ్చి చూసే షుగర్) 46. డ్యూటీ డాక్టరు వచ్చి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఇచ్చారు. మనిషి తేరుకున్నాడు. మూడు రోజుల తర్వాత డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాడు.

పొద్దున డ్యూటీకి వచ్చిన మన సిస్టర్‌కి అనుమానం వచ్చి గ్లూకోమీటర్ మెమరీ తీసి చూశారు. రాత్రి 10:50కి షుగర్ 92, 12:15కి 71. ఈ రెండూ చార్టులో లేవు. అంటే అమ్మాయికి ముందే తెలుసు. నిలదీస్తే ఒప్పుకుంది. నర్సింగ్ స్టేషన్ దగ్గర, హ్యాండోవర్ మధ్యలో, అటెండెంట్లు చూస్తుండగా, అప్పుడే పోస్టింగుకి వచ్చిన 14 మంది విద్యార్థినుల ముందు ఈవిడ అరిచేశారు: "నీకెవరిచ్చారమ్మా డిగ్రీ? మనిషిని చంపేదానివి!" అమ్మాయి ఏడుస్తూ హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఆరు రోజులైంది, మళ్లీ రాలేదు. వాళ్ల నాన్న ఫోన్ చేసి "అన్నం తినట్లేదమ్మా, ఏం జరిగింది?" అని అడిగారట. హెచ్‌ఆర్ వాళ్లేమో "పూర్తిగా ఆ స్టాఫ్ నిర్లక్ష్యమే" అని రాసి సంతకం పెట్టమంటున్నారు.

చివరి పేజీ ఆవిడ మాటల్లోనే: "మేమూ తిట్లు తిని నేర్చుకున్నవాళ్లమే మేడమ్. మా సిస్టర్ అయితే ట్రే విసిరికొట్టేది. మేం ఉద్యోగాలు మానేశామా? ఈ పిల్లలు ఒక్క మాట పడరు. కానీ నాకు నిద్ర పట్టట్లేదు. దాని టిఫిన్ బాక్సు ఇంకా స్టాఫ్ రూములోనే ఉంది. హెచ్‌ఆర్‌కి ఏం రాయాలి? ఆ పిల్లకి ఫోన్ చేయాలా, వద్దా? స్టూడెంట్లు నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నారు. ఆ 14 మందిని నేనొక్కదాన్నే ఎలా చూసుకోను?"

సిస్టర్,

మీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగిపోయింది ఆ గ్లూకోమీటర్ దగ్గర. ఆ రెండు రీడింగుల్లో మీకు దాపరికం కనిపించింది. నిజమే, దాపరికమే. నాకు ఇంకోటి కూడా కనిపించింది. మీరే రెండో పేజీలో రాశారు, 12:15 తర్వాత ఆ అమ్మాయి పంచదార నీళ్లు కలిపి తాగించిందని అటెండెంటు చెప్పినట్టు. ఆ తర్వాత కొత్త అడ్మిషన్ వచ్చింది, దాంతో గంటన్నర పోయింది. అంటే తప్పు తెలిసిన దగ్గర్నుంచి తను ఆ మంచం చుట్టూనే తిరిగింది. వేలు గుచ్చి చూసింది, మళ్లీ చూసింది, చేతనైంది చేసింది. చేయనిది ఒక్కటే: ఫోన్ ఎత్తలేదు. డ్యూటీ డాక్టరుకి చెప్పలేదు, నైట్ సూపర్‌వైజరుకి చెప్పలేదు, మీకు చెప్పలేదు. పేషెంటు షుగర్ పడిపోతుందేమోనన్న భయం కంటే, పెద్దవాళ్లకి తెలిసిపోతుందేమోనన్న భయం ఎక్కువైంది.

మీ మీద నింద వేయడానికి చెప్పట్లేదు. ఆ భయం కాలేజీలో మొదలై ఉంటుంది, మీ వార్డులో కాస్త పెరిగి ఉంటుంది. కానీ మీరు అడిగిన మూడు ప్రశ్నలకీ మూలం అక్కడే ఉంది కాబట్టి ముందు అదే తీశాను.

ఇక్కడ మూడు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, మోతాదు తప్పడం. రెండు, చెప్పకపోవడం. మూడు, మీరు అందరి ముందూ అరవడం. మూడింటికీ మందు ఒకటి కాదు. మోతాదు తప్పినందుకు అరిచానని మీరు అనుకుంటున్నారు. నాకేమో చెప్పనందుకు అరిచారనిపిస్తోంది. కానీ ఆ పిల్ల చెవిన పడింది "డిగ్రీ" ఒక్కటే.

మోతాదు సంగతి చూద్దాం. మీకు తెలియని లెక్కేం కాదు, అయినా కాగితం మీద పెడితే బాగుంటుంది. ఎర్రమూత సిరంజి 40 యూనిట్ల వయల్ కోసం చేసింది. దాని మీద 12 గీత అంటే 0.3 మిల్లీలీటర్లు. 100 యూనిట్ల వయల్ నుంచి అదే 0.3 తీస్తే వచ్చేది 30 యూనిట్లు. రెండున్నర రెట్లు. తారుమారైతే, అంటే 40 వయల్‌కి 100 కోసం చేసిన నారింజ మూత సిరంజి పెడితే, 12 అనుకుని ఇచ్చేది ఐదు యూనిట్లు కూడా ఉండదు; షుగర్ ఎందుకు దిగట్లేదో అర్థంకాక డాక్టర్లు మోతాదు పెంచుకుంటూ పోతారు. మన దేశంలో ఈ రెండు బలాలూ, రెండు సిరంజిలూ పక్కపక్కనే అమ్ముడుపోతున్నాయి. ఈ గుంటలో పడ్డవాళ్లలో ఆ అమ్మాయి మొదటిదీ కాదు, ఆఖరిదీ కాదు.

పైగా ఆ రాత్రి వార్డులో ఎవరున్నారు? మీరు ఒక్క ముక్కలో రాసేసి ముందుకెళ్లిపోయారు గానీ నేను వదలను. రాత్రి 9:30కి సీనియర్ స్టాఫ్‌ని ఐసీయూకి లాగేశారు. మిగిలింది ఏడు వారాల అనుభవమున్న అమ్మాయి, ఒక ఏఎన్‌ఎం, 28 మంది పేషెంట్లు. జనరల్ వార్డులో ఆరు పడకలకి ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో లెక్క కట్టింది. ప్రైవేటులో ఆ లెక్క ఎవరు చూస్తున్నారని మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ హెచ్‌ఆర్ "పూర్తిగా" అన్న మాట రాయమన్నప్పుడు మాత్రం ఇది గుర్తుంచుకోండి.

ఇక హెచ్‌ఆర్ కాగితం. మీ ముందు దారులు మూడు.

వాళ్లడిగినట్టే రాసివ్వడం ఒకటి. మీకు ఆ రోజుకి తలనొప్పి పోతుంది. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, జీతం ఆపుతారు, సర్టిఫికెట్లు పట్టుకుని తిప్పించుకున్నా ఆశ్చర్యం లేదు. వార్డులో మిగిలిన స్టాఫ్ మాత్రం ఇందులోంచి ఒక పాఠం నేర్చుకుంటారు: ఈసారి గ్లూకోమీటర్ మెమరీ కూడా చెరిపేయాలి. తర్వాతి తప్పు మీకు కనిపించదు.

ఏదీ రాయకుండా నాన్చడం రెండోది. చాలామంది చేసేది ఇదే. అప్పుడు మీ బదులు ఇంకెవరో రాస్తారు, వార్డు ఇన్‌ఛార్జిగా మీ పేరు అందులో ఎక్కడ పడుతుందో మీ చేతుల్లో ఉండదు.

జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా రాయడం మూడోది. ఎన్ని గంటలకు ఏం ఆర్డరు, వయల్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సిరంజి, సీనియర్‌ని ఎన్నింటికి ఎక్కడికి పంపారు, ఎప్పుడు ఎంత షుగర్, ఎవరు ఏం చేశారు. మెమరీలో దొరికిన రెండు రీడింగులు, అవి చార్టులో ఎక్కలేదన్న సంగతి కూడా రాయాలి. దాన్ని దాస్తే మీరూ అదే పని చేసినట్టు. "నిర్లక్ష్యం", "బాధ్యతారాహిత్యం" లాంటి మాటలు వద్దు, ఐసీయూ వాళ్ల మీద ఫిర్యాదూ వద్దు. ఇందులో మీకూ దెబ్బ తగలొచ్చు. "మీ వార్డులో రెండు రకాల వయల్స్ గురించి చెప్పే పద్ధతి ఎందుకు లేదు?" అని మిమ్మల్నే అడగొచ్చు, మెమో కూడా ఇవ్వొచ్చు. అందుకే కాగితం ఇచ్చేముందు ఒకసారి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ దగ్గర కూర్చుని నోటితో చెప్పండి. మీ ఆస్పత్రికి ఎన్‌ఏబీహెచ్ అనే ఆస్పత్రి నాణ్యత గుర్తింపు ఉంటేనో, దానికోసం ప్రయత్నిస్తుంటేనో, ఇలాంటి సంఘటనల్ని నమోదు చేసి కారణాలు వెతకడం వాళ్లకి తప్పనిసరి పని. మనిషిని పంపేసి ఫైలు మూసేస్తే అది విచారణ అనిపించుకోదు. ఈ మాట మేడమ్ నోటి నుంచి హెచ్‌ఆర్‌కి వెళ్తే ఒక రకంగా ఉంటుంది, మీ నోటి నుంచి వెళ్తే ఇంకో రకంగా ఉంటుంది. ఏ దారి పట్టినా మీ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

కేస్ షీట్‌లో మాత్రం ఎవరు ఒత్తిడి చేసినా పాత తేదీతో ఒక్క అక్షరం కలపకండి. ఇప్పుడు రాయాల్సింది ఉంటే ఇప్పటి తేదీ, ఇప్పటి టైము వేసి, ఆలస్యంగా రాస్తున్నట్టు చెప్పి రాయాలి.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. ఆ పేషెంటుకి ఎవరైనా నిజం చెప్పారా? "షుగర్ డౌన్ అయింది, ఇప్పుడు బాగుంది" అని చెప్పి పంపేసి ఉంటారు. ఆయన ఇంట్లో ఆ 100 యూనిట్ల వయల్ ఫ్రిజ్‌లో ఉంది. పక్కన ఏ మూత సిరంజి ఉందో మనకి తెలియదు. నైతికం సంగతి తర్వాత, ముందు అది ప్రమాదం. చూసిన డాక్టరుగారికి చెప్పి, ఆయన ద్వారానే ఆ కుటుంబానికి ఫోన్ వెళ్లేలా చూడండి. ఇది ఇవాళే చేయాల్సిన పని.

ఇప్పుడు అమ్మాయి దగ్గరికి వద్దాం. మధ్యలో నా సంగతి ఒకటి చెప్పనివ్వండి.

1981లో నేను స్టాఫ్ నర్సుగా చేరిన మొదటి ఏడాది. పెద్ద ఆస్పత్రి, పేరు అనవసరం. వార్డులో ఇద్దరు సుబ్బారావులు, 11వ మంచం, 14వ మంచం. ఆరు గంటలకొకసారి క్రిస్టలైన్ పెన్సిలిన్ 14వ మంచం ఆయనకి. అర్ధరాత్రి నేను 11వ మంచం ఆయనకి ఇచ్చేశాను. మందు పడుతుందో లేదో చూసే టెస్ట్ డోసు కూడా లేని మనిషికి! ట్రే తెచ్చి పెట్టాక కార్డు చూసుకుంటే కాళ్లు వణికాయి. ఎవరికీ చెప్పలేదు. తెల్లారేదాకా ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని నాడి చూస్తూ కూర్చున్నాను. ఆయన మధ్యలో లేచి "ఏమ్మా, నిద్రపోలేదా?" అని అడిగాడు. ఆయనకి ఏం కాలేదు. 14వ మంచం ఆయనకి మాత్రం ఆ డోసు పడలేదు, అదీ చార్టులో టిక్కు పెట్టేశాను. మా హెడ్ సిస్టర్‌కి తెలిస్తే ఏం చేసేదో నాకు తెలుసు, అందుకే చెప్పలేదు. రిటైరయ్యేదాకా వందలమంది పిల్లలకి ఐదు రైట్లు (సరైన పేషెంటు, మందు, మోతాదు, దారి, టైము) బోర్డు మీద రాసి నేర్పించాను గానీ ఈ సంగతి ఏ క్లాసులోనూ చెప్పలేదు. మీకే మొదట చెప్తున్నా.

అందుకే మీరు "మేం తిట్లు తిని నేర్చుకున్నాం" అంటే నాకు నమ్మకం కుదరట్లేదు సిస్టర్. తిట్లు తిన్నాం, నిజం. నేర్చుకున్నామా? మీకు కాన్యులా పెట్టడం ఎవరు నేర్పారు? ట్రే విసిరిన సిస్టరా, లేక మీ చెయ్యి పట్టుకుని "ఇక్కడ నొక్కి చూడు, స్పాంజిలా తగుల్తుందే, అదీ వెయిన్" అని చెప్పిన ఇంకో అక్కా? తప్పకుండా ఒక అక్క ఉండే ఉంటుంది. తిట్టినవాళ్లు గట్టిగా గుర్తుంటారు. నేర్పినవాళ్లు మన చేతుల్లో కలిసిపోతారు, అందుకని విడిగా గుర్తురారు. ఇంకోటి, మీ బ్యాచ్‌లో అందరూ ఇంకా నర్సులుగానే ఉన్నారా? మానేసినవాళ్లు ఉత్తరాలు రాయరు.

"ఈ పిల్లలు మెత్తన" అంటున్నారు. 2020 బ్యాచ్ అన్నారు కదా. ఆ ఏడాది కాలేజీలు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో మీకు గుర్తుండే ఉంటుంది. ఫండమెంటల్స్, అంటే నర్సింగ్ మొదటి పాఠాలు, అంతా ఫోన్లో విన్న పిల్లలు వాళ్లు. బెడ్ మేకింగ్ వీడియోలో చూశారు. మెత్తనితనం కొంత ఉండొచ్చు, నేను కాదనను. చేతికి అలవాటు తక్కువ కావడం మాత్రం ఖాయం. అది తిడితే వచ్చేది కాదు.

చదువు ముగించి ఉద్యోగంలో చేరిన నర్సుకి మొదటి నెలల్లో తగిలే దెబ్బకి మార్లిన్ క్రేమర్ అనే అమెరికా నర్సు 1974లోనే 'రియాలిటీ షాక్' అని పేరు పెట్టింది. మొదట కొన్ని వారాలు అంతా బాగున్నట్టే ఉంటుంది. యూనిఫాం, ఐడీ కార్డు, మొదటి జీతంతో అమ్మకి చీర. తర్వాత కాలేజీలో నేర్పిన పద్ధతికీ వార్డులో జరిగేదానికీ పొంతన లేదని తెలుస్తుంది, అప్పుడు కుదేలవుతారు. ఏడు వారాలంటే సరిగ్గా ఆ అంచు.

ఇంకొకావిడ ప్యాట్రీషియా బెనర్. కొత్త నర్సు నుంచి ఆరితేరిన నర్సు దాకా ఐదు మెట్లుంటాయని 1984లో రాసింది. అందులో నాకు బాగా పనికొచ్చింది, పై మెట్టు మీద ఉన్నవాళ్ల గురించి చెప్పిన మాట. వాళ్లకి అన్నీ ఇట్టే తెలిసిపోతాయి, కానీ ఎలా తెలిసిందో చెప్పలేరు. మీరు వార్డులోకి అడుగు పెట్టగానే "ఆ ఏడో మంచం ఆయన బాలేడు, బీపీ చూడండి" అంటారు. ఎలా తెలిసిందంటే చెప్పగలరా? 17 ఏళ్ల కన్ను అది. కొత్తపిల్లకి ఆ కన్ను లేదు, ఒక్కో మెట్టూ చెప్పాలి. మీకేమో ఆ మెట్లు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకే "ఇంత చిన్న విషయం తెలీదా" అన్న మాట వచ్చేస్తుంది.

ఆ "డిగ్రీ" మాట గురించి కూడా అడగాలి. కోప్పడకండి. మీరు జీఎన్‌ఎం, తను బీఎస్సీ. "చదువులో నాకన్నా ఎక్కువ, పనిలో సున్నా" అని ఒకచోట రాశారు. ప్రమోషన్లలో, విదేశాల అవకాశాల్లో జీఎన్‌ఎం వాళ్లని పక్కన పెడుతుంటే కడుపు మండుతుంది. అది న్యాయమైన మంటే. కానీ ఆ లెక్క తేల్చుకోవాల్సింది యాజమాన్యంతో. హాస్టల్లో పడుకున్న 22 ఏళ్ల పిల్లతో కాదు.

ఫోన్ చేయాలా వద్దా అన్నారు. చేయొచ్చు. ఇంకో స్టాఫ్‌తో కబురు పంపొచ్చు. మీరే వెళ్లొచ్చు. ఫోనైతే మీ పేరు చూసి ఎత్తకపోవచ్చు, ఎత్తినా "సరే మేడమ్" అని పెట్టేస్తుంది. కబురు పంపితే అది వార్డంతా తిరిగి రంగులు మారి చేరుతుంది. వెళ్లడమే మీకు కష్టం. హాస్టల్ మెట్ల మీద మిగతా పిల్లలు చూస్తారు, ఇన్‌ఛార్జి సిస్టర్ దిగొచ్చిందంటారు. అననివ్వండి. అరిచింది పదిమందిలోనే కదా.

వెళ్తే ముందు మీరు చెప్పాల్సింది ఒక్కటే: "అందరి ముందూ అలా అనకూడదు. తప్పు నాది." అక్కడితో ఆపాలి. "నీ మంచికే అన్నాను" అని కలిపారంటే మొత్తం పోతుంది. తను ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత, అదే రోజు కాకపోయినా సరే, రెండోది కూడా చెప్పాలి, మెత్తగానే గానీ వదలకుండా: "మోతాదు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. నాకు చెప్పకపోవడం మాత్రం ఇంకోసారి జరగకూడదు. అర్ధరాత్రి రెండైనా నాకు ఫోన్ చెయ్." జాలిపడి ఈ భాగం మింగేయకండి. తన తప్పు తనకి తెలుసు. ఏం కాలేదులే అని మనం కొట్టిపారేస్తే, తనని చిన్నపిల్లని చేసినట్టవుతుంది.

ఒక జాగ్రత్త. ఆరు రోజులుగా అన్నం సరిగా తినట్లేదన్నారు. పొరపాటు చేసిన వైద్య సిబ్బంది ఎంత నలిగిపోతారో చూసి ఆల్బర్ట్ వూ అనే డాక్టరు 2000లో వాళ్లని 'రెండో బాధితులు' అన్నాడు. బతకాలని లేదన్నట్టు ఒక్క మాట వచ్చినా తనని ఒంటరిగా వదలకండి. వాళ్ల నాన్నకి చెప్పండి, డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు నిద్ర పట్టకపోతే మీరూ చేయొచ్చు. సిస్టర్లకి ఫోన్ చేయకూడదని ఎక్కడా లేదు.

తను తిరిగి రావాలా వద్దా అన్నది తన నిర్ణయం. ఇదే వార్డుకి రావొచ్చు. వస్తే మొదటి రెండు వారాలు పగటి డ్యూటీ వేయించండి, ఒక స్థిరమైన సీనియర్‌తో జత చేయండి. రోజుకొకరి కింద తిప్పితే ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, పిల్ల పిచ్చెక్కిపోతుంది. వార్డులో గుసగుసలు ఉంటాయి, కొన్నాళ్లు భరించాల్సిందే. వేరే వార్డు అడగొచ్చు. అక్కడ మొదట్లో ఊపిరాడుతుంది గానీ కథ తనకంటే ముందే ఆ వార్డుకి చేరి ఉంటుంది. లేదా మానేసి ఇంటికి వెళ్లొచ్చు. అదే గనక ఎంచుకుంటే మీ చేతిలో ఉన్న సాయం ఒకటుంది: రిలీవింగ్ లెటరూ, ఒరిజినల్ సర్టిఫికెట్లూ చేతికి వచ్చేదాకా మీరు వెంటపడండి. మళ్లీ ఇంకోచోట నర్సుగా చేరడానికి తలుపు తెరిచి ఉండాలి.

ఇక 14 మంది స్టూడెంట్లు. ఆ రోజు పొద్దున వాళ్లు లాగ్‌బుక్కులో ఏం రాసుకున్నారో గానీ, బుర్రలో రాసుకున్నది మాత్రం నాకు తెలుసు: తప్పు చేస్తే చెప్పకూడదు. మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంటున్నది అందుకే.

వాళ్ల టీచరు సంతకాలు పెట్టించి 9 గంటలకే వెళ్లిపోతోందని రాశారు. 10 మంది విద్యార్థులకి ఒక టీచరుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. 14 మందిని మీ మీద వదిలి వెళ్లడం మీరు భరించాల్సిన పని కాదు. నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా కాలేజీ ప్రిన్సిపాల్‌కి లిఖితంగా వెళ్లాలి. నోటిమాటకి ఒక వారం పని చేస్తారు, కాగితానికి కాస్త ఎక్కువ. టీచరు వచ్చేదాకా పిల్లల్ని శాంపిళ్లు మోయడానికీ, రిపోర్టులు తేవడానికీ తిప్పడం తేలికే. మనమంతా చేసిన పనే. అలా తిప్పితే నాలుగేళ్ల తర్వాత వాళ్లు ఎర్రమూతా నారింజ మూతా తేడా తెలియకుండా మీ వార్డుకే స్టాఫ్‌గా వస్తారు.

మీరు అందరినీ చూసుకోలేరు, చూసుకోవద్దు కూడా. ఇద్దరేసి చొప్పున ఒక్కో స్టాఫ్‌కి అప్పగించి, ఒక్కో జతకి రెండు మూడు మంచాలు ఇవ్వండి. మీరు రోజుకి పావుగంట ఇస్తే చాలు. మొదటి రోజు ఏం చేయాలో నేను చెప్తా. రెండు సిరంజిలు తీసుకోండి, ఒకటి ఎర్రమూత, ఒకటి నారింజ మూత. గ్లాసులో నీళ్లు. ఒక పిల్లని పిలిచి రెండిట్లోనూ 12 గీత దాకా లాగమనండి. రెండు సిరంజిలూ పక్కపక్కన పట్టుకుని చూపించమనండి. ఒకదాంట్లో నీళ్లు రెండో దాంట్లో ఉన్నదానికి రెండున్నర రెట్లుంటాయి. మీరు నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేదు, వాళ్లే "అమ్మో" అంటారు. ఆ తర్వాత వార్డు నియమం చెప్పండి: ఇన్సులిన్ వయల్ మీద అంకె పైకి చదవాలి, పక్కన ఇంకొకరు ఆ అంకె, సిరంజి మూత రంగు, గీత చూసి ఊ అన్నాకే సూది. బయటి నుంచి 100 వయల్ వస్తే దానికి తగిన సిరంజి కూడా అదే కవర్లో పెట్టి, పైన పేషెంటు పేరు, మంచం నంబరు. ఫార్మసీ వాళ్లతో మాట్లాడి వార్డుకి ఒకే బలం ఉంచగలిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇంకో రోజు డాక్టరుకి ఫోన్ చేయడం ఆడించండి. నవ్వకండి. రాత్రిపూట డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేయాలంటే కొత్తపిల్లలకి గుండె దడ. ఆయన విసుక్కుంటాడని. చేసినా "సార్, పేషెంటు ఏదోలా ఉన్నారు సార్" అంటారు, ఆయన నిజంగానే విసుక్కుంటాడు. ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది, అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆస్పత్రుల్లోకి వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, వెనక సంగతేంటి, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలి. "సార్, మేల్ మెడికల్, తొమ్మిదో మంచం, జీఆర్‌బీఎస్ 71, పడిపోతోంది. రాత్రి ఇన్సులిన్ ఎక్కువ పడింది, 12 బదులు 30. ఇంకా దిగుతుందనుకుంటున్నా. మీరు వెంటనే రావాలి." ఇరవై సెకన్లు. ఒక పిల్ల నర్సు, ఒక పిల్ల డాక్టరు, మధ్యలో మీరు. డాక్టరు వేషం వేసిన పిల్ల కసురుకుంటుంది చూడండి, అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వులో మీరు కూడా ఉంటే, పక్కకి తప్పుకోవడం తగ్గుతుంది.

వీలైతే, మీకు మనసొప్పితేనే, ఆ పావుగంటల్లో ఒక రోజు మీ తప్పు ఒకటి వాళ్లకి చెప్పండి. 17 ఏళ్లలో ఒకటైనా ఉంటుంది. చెప్పలేకపోతే ఫరవాలేదు, నాది చెప్పడానికి నాకు 40 ఏళ్లు పైనే పట్టింది.

ఇవన్నీ ఒక్క వారంలో కావు. హెచ్‌ఆర్ కాగితానికి మీకు నాలుగు రోజుల గడువుంది, పేషెంటు ఇంటికి ఫోన్ ఇవాళ వెళ్లాలి, స్టూడెంట్లు మళ్లీ సోమవారం వస్తారు. హాస్టల్‌కి మాత్రం రేపు సాయంత్రం డ్యూటీ దిగగానే వెళ్లగలిగితే మంచిది. యూనిఫాం మార్చుకుని వెళ్లండి.

ఆ టిఫిన్ బాక్సు ఆరు రోజులుగా మూసి ఉంది, వాసన వస్తుంటుంది. శుభ్రంగా తోమి తీసుకెళ్లండి. ఇంకొకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటారు కదా, మీ ఇంట్లో రేపు ఏది వండితే అదే కాస్త అందులో పెట్టండి.